ఇంటింటా ఇంజనీరింగు: హ్యాండిలు మారినా కొలత మారరాదు

1994లో, ఉద్యోగంలో చేరిన కొత్తలో కొన్న ఏ.టి.బి. సైకిలు ఒకటి తోర్వాలోని మా ఇంటి వరండాలో చాలా కాలంగా పడి ఉండెను. గత శీతాకాలంలో దానిని బాగుచేసి, పొట్టేలు కొమ్ములవలె వంగిన డ్రాప్ బారు అమర్చాను. చేతులను పలుచోట్ల ఉంచవచ్చుననీ, ఎదురుగాలికి వంగవచ్చుననీ నా ఆశ. 1990లో అమెరికా క్రీడాకారుడు జాన్ టొమాక్ పర్వత సైకిలు పందెములలో ఇట్టి హ్యాండిలునే వాడినాడు.

ఆయనకు చెల్లినది నాకు చెల్లలేదు. అర్పా నది దాకా పోయి వచ్చేసరికి మెడ పట్టేసింది, వేళ్లు తిమ్మిరెక్కాయి. "ఈ వయసులో కొమ్ములెందుకండీ?" అన్నది మా శ్రీమతి.

సీటును ముందుకు జరిపాను. మెడనొప్పి తగ్గింది గాని మోకాలినొప్పి మొదలైంది. సీటు స్థానం కాళ్లకూ పెడళ్లకూ సంబంధించినది. చేతుల కొరకు దానిని కదపరాదు. ఈ చిన్న సూత్రాన్ని ఇంజనీరునై ఉండి మరచితిని!

అసలు కారణం కొలతలో ఉన్నది. డ్రాప్ బారుపై అరచేయి ఎక్కువసేపు ఆనేది బ్రేకు లివరు తలపై. బారు సుమారు 80 మిల్లీమీటర్లు ముందుకు సాగుతుంది. లివరు మరి 20 లేక 30 కలుపుతుంది. వెరసి చేతులు పది సెంటీమీటర్లు దూరమవుతాయి.

కనుక పాత హ్యాండిలు విప్పకముందే, సీటు కొన నుండి అరచేయి ఆనే చోటు వరకు టేపుతో కొలిచి వ్రాసుకొనండి. హ్యాండిలును ఫోర్కుకు కలిపే స్టెమ్ పొట్టిది వేయండి. నేను 130 మిల్లీమీటర్లది తీసి 60ది వేశాను. మిగిలిన తేడా కొరకు హ్యాండిలును సీటు ఎత్తుకు లేపాను. అయితే స్టెమ్‌పై గల కనీసపు లోతు గీత బయటకు కనబడరాదు. కనబడితే ఊడిపడే ప్రమాదం కలదు.

బ్రేకుల విషయంలో పొదుపు వలదు. పాత లివర్లు 22.2 మిల్లీమీటర్ల గొట్టానికి చేసినవి; డ్రాప్ బారు 23.8 ఉంటుంది. పాత క్యాంటిలివర్ బ్రేకులకు మామూలు డ్రాప్ బారు లివర్లు సరిపోతాయి. వి-బ్రేకులకు తీగ ఎక్కువగా లాగవలెను గనుక తగిన లివర్లే వాడాలి.

ఇప్పుడు మోచేతులు కొద్దిగా వంచి, భుజాలు బిగించకుండా గంటసేపు తొక్కగలుగుతున్నాను. మా శ్రీమతి కొమ్ముల మాట ఎత్తడం మానినది. మనిషి యంత్రానికి ఒదగవలసిన పని లేదు. టేపు చేతనుంటే యంత్రమే మనిషికి ఒదుగుతుంది.