తొమ్మిది ఎక్కడుంది?

కొత్త బండి నంబరు అంకెలు కూడి తొమ్మిది వస్తేనే తృప్తిపడేవాళ్లు మా ఊరు మండికల్ వైపూ ఉన్నారు. అలాంటి నంబరు కోసం వేలంలో వేలకు వేలు పోస్తారు. ఎందుకని అడిగితే యుగాల లెక్క తీస్తారు. కలియుగం 4,32,000 ఏళ్లు, కూడితే తొమ్మిది. నాలుగు యుగాలూ కలిపి 43,20,000, కూడినా తొమ్మిదే. దైవం పెట్టిన గుర్తు అది అంటారు.

పదిని, నూరుని, వెయ్యిని తొమ్మిదితో భాగించి చూడండి, ప్రతిసారీ శేషం ఒకటే. అందుకే తొమ్మిదితో తెగే ఏ సంఖ్యలోనైనా అంకెలు కూడుతూ పోతే చివరకు తొమ్మిదే మిగులుతుంది. 0001 నుంచి 9999 దాకా అలాంటివి 1,111 ఉన్నాయి. అంబులెన్సుకూ రావచ్చు, బోల్తాపడ్డ లారీకీ రావచ్చు. అదే 4,32,000ను పదేసి బదులు ఎనిమిదేసి లెక్కించే పద్ధతిలో రాస్తే 1513600 అవుతుంది, అంకెలు కూడితే 16. సంఖ్య మారలేదు, తొమ్మిది మాత్రం పోయింది. అది కాలంలో ఉన్నది కాదు, మన రాతలో ఉన్నది.

ఈ సంఖ్య గొప్పదనం వేరే ఉంది. ఏడు రెండ్లు, మూడు మూళ్లు, మూడు ఐదులు కలిపి గుణిస్తే 4,32,000. దీన్ని శేషం లేకుండా భాగించే సంఖ్యలు 128. గ్రహాల లెక్క కట్టేవాళ్లకు ఇంతకన్నా ఏం కావాలి? 43,20,000 ఏళ్లలో చంద్రుడు 5,77,53,336 చుట్లు, శని 1,46,564 చుట్లు తిరుగుతారని ఆర్యభటుడు భిన్నాల బెడద లేకుండా చెప్పాడు. ఆ కాలానికి ఆయన చెప్పిన రోజులు 157,79,17,500. భాగిస్తే ఏడాదికి 365 రోజుల 6 గంటల 12 నిమిషాల 30 సెకన్లు. నక్షత్రాలను బట్టి లెక్కించే ఏడాదికి నేటి కొలతతో తేడా మూడు నిమిషాల పైచిలుకే! పదిహేను వందల ఏళ్ల కిందటి ఈ పనికి చేతులెత్తి దండం పెట్టాలి. ఆ లెక్కను తాయెత్తు చేసి మెడలో కట్టుకోవడం ఆయనకు అవమానం.

పైగా ఆయన నాలుగు యుగాలనూ సమానంగా పంచి ఒక్కోదానికి 10,80,000 ఏళ్లన్నాడు. స్మృతులకు విరుద్ధమని తర్వాతి కాలపు గణితజ్ఞుడు బ్రహ్మగుప్తుడు తప్పుపట్టాడు. 10,80,000 అంకెలనూ కూడితే తొమ్మిదే. మరి కలియుగం నిడివి రెండున్నర రెట్లు ఎలా పెరిగింది? ఇద్దరిలో ఎవరి తొమ్మిది దైవం పెట్టింది?

హెచ్. నరసింహయ్యగారు మా జిల్లావారే, గౌరిబిదనూరు తాలూకా హొసూరులో పుట్టారు. బెంగళూరు విశ్వవిద్యాలయ ఉపకులపతిగా ఉండగా 1976లో మహిమలను పరీక్షించే కమిటీ వేసి, సత్యసాయిబాబాకే ఉత్తరాలు రాశారు. అంతటి పెద్దలనే ప్రశ్నించిన గడ్డ మీద ఒక బండి నంబరును ప్రశ్నించడానికి జంకెందుకు?

మీ పిల్లల చేత ఈ భాగహారం చేయించండి. వేలానికి దాచిన డబ్బుతో, బండెక్కే ప్రతి ఒక్కరికీ మంచి హెల్మెట్ కొనండి.