చెవి సాక్ష్యానికి పరీక్ష

సీడీ ప్లేయర్‌ను రెండు పెట్టెలుగా విడదీసి అమ్మడం 1980లలోనే మొదలైంది. డిస్కు తిప్పి అంకెలు చదివేది ట్రాన్స్‌పోర్ట్, ఆ అంకెలను ధ్వనిగా మార్చేది డాక్. ఖరీదైన ఆడియో అభిమానుల్లో ఈ మొదటి పెట్టె చుట్టూ నమ్మకాలు పుట్టలా పెరిగాయి. ఫలానా ఫిలిప్స్ మెకానిజంలో బాస్ బిగువుగా ఉంటుందంటారు. లోపల అంకెల లయను నడిపే క్లాక్ మారిస్తే గొంతు ముందుకొస్తుందంటారు. 1990 ప్రాంతంలో డిస్కు అంచుకు ఆకుపచ్చ రంగు పూస్తే పాట మెరుగవుతుందని ప్రచారం సాగింది. డిస్కులోని అయస్కాంతత్వాన్ని తీసేసే యంత్రాలూ అమ్ముడుపోయాయి. సీడీలో ఉన్నది పాలీకార్బొనేట్ ప్లాస్టిక్, పల్చటి అల్యూమినియం పూత. రెండింటికీ అయస్కాంతం అంటుకోదు. సరిగ్గా పనిచేస్తున్న రెండు ట్రాన్స్‌పోర్టుల మధ్య విన్నామంటున్న తేడా, ఏది మోగుతోందో తెలియనప్పుడు కూడా నిలిస్తేనే అది ధ్వనిలో ఉన్నట్టు. నిలవకపోతే అది వినేవారి మనసు కల్పించుకున్నదే.

ముందు ఆ పెట్టె చేసే పని చూడాలి. సీడీలో పాట సెకనుకు 44,100 సార్లు, ఒక్కో చానెల్‌కు 16 బిట్ల చొప్పున కొలిచిన అంకెలుగా ఉంటుంది. ప్రతి 24 బైట్ల సంగీతానికి 8 బైట్ల సరిచూపు అంకెలు చేర్చి, పక్కపక్క అంకెలను ట్రాక్ మీద దూరదూరంగా చెదరగొట్టి రాస్తారు. అందుకే గీత పడి రెండు మిల్లీమీటర్ల మేర ట్రాక్ చెడినా, రీడ్-సాలమన్ అనే దోష సవరణ గణితం పోయిన అంకెలను ఉజ్జాయింపుగా కాక ఉన్నవి ఉన్నట్టుగా తిరిగి రాబడుతుంది. డిస్కు వేగం కాస్త తడబడినా పాట తడబడదు. చదివిన అంకెలు ముందు ఒక చిన్న మెమరీలో చేరతాయి. అక్కడి నుంచి క్వార్ట్జ్ స్ఫటికం లయ ప్రకారం బయటికి వెళ్తాయి. మెమరీ నిండుతుంటే మోటారు నెమ్మదిస్తుంది, ఖాళీ అవుతుంటే వేగం పుంజుకుంటుంది. గ్రామఫోన్ రికార్డు విషయంలో పళ్లెం వణుకు నేరుగా పాటలోకి వస్తుంది కాబట్టి అక్కడ బరువైన పళ్లేనికి అర్థం ఉంది. ఆ అనుభవాన్ని సీడీకి అంటగట్టడం దగ్గరే పొరపాటు మొదలైంది. రెండు ట్రాన్స్‌పోర్టుల డిజిటల్ అవుట్‌పుట్‌ను కంప్యూటర్‌లో రికార్డు చేసి, ఒకదాని నుంచి మరొకటి తీసివేస్తే ఏం మిగులుతుందో ఎవరైనా చూడవచ్చు. సున్నా మిగిలితే బిట్లలో బాస్ బిగువుకు చోటు లేదు.

దీనికి వచ్చే గట్టి అభ్యంతరం జిట్టర్. అంకెలు ఒకటే అయినా అవి అందే సమయంలో సూక్ష్మమైన అటూఇటూ ఉంటే ధ్వని చెడుతుందంటారు. ఇది గాలి మాట కాదు. ట్రాన్స్‌పోర్ట్ నుంచి డాక్‌కు వెళ్లే తీగలో అంకెలూ, వాటి లయా కలిసే ప్రయాణిస్తాయి. డాక్ ఆ లయను తిరిగి పట్టుకోవాలి. పాత డాక్‌లు కొన్ని ఈ పని సరిగా చేయలేదు, ఆ లోపం కొలతల్లో కనిపించింది కూడా. అయితే ఎంత జిట్టర్ ఉంటే చెవికి తెలుస్తుందన్నది అసలు ప్రశ్న. 1998లో డాల్బీ సంస్థకు చెందిన బెంజమిన్, గానన్ జరిపిన పరీక్షల్లో సంగీతం విషయంలో ఆ హద్దు సుమారు 20 నానోసెకన్ల దగ్గర మొదలైంది. 2005లో జపాన్ పరిశోధకులు ప్రచురించిన ఫలితాల్లో, యాదృచ్ఛిక జిట్టర్‌ను వందల నానోసెకన్లకు చేరితే తప్ప శ్రోతలు గుర్తించలేకపోయారు. మంచి ప్లేయర్లలో అది తరచు ఒక నానోసెకను లోపే ఉంటుంది. పైగా నేటి డాక్‌లు చాలావరకు వచ్చిన లయను వడగట్టి సొంత క్లాక్‌తో నడుస్తాయి. ట్రాన్స్‌పోర్ట్‌లో వేల రూపాయల క్లాక్ బిగించినా దాని ఫలితం అక్కడే ఆగిపోతుంది.

‘కొలతలు ఎందుకు, మా చెవులతో విన్నాం’ అన్నది రెండో మాట. విన్నామని వారు చెప్పేది అబద్ధం కాదు, నిజంగానే వింటారు. కానీ వినికిడిలో చెవితో పాటు అంచనా, ధర, సొంతంగా టంకం పెట్టి మార్చామన్న తృప్తి కూడా పాలుపంచుకుంటాయి. ఒక పెట్టె డెసిబెల్‌లో రెండు మూడు పదోవంతులు బిగ్గరగా మోగినా, అది బిగ్గరగా అనిపించదు, ‘స్పష్టంగా’ అనిపిస్తుంది. అందుకే శబ్దస్థాయి సమం చేసి, పేర్లు దాచి, 16 సార్లు గుర్తుపట్టమనాలి. ఊరికే ఊహించి 12 లేక అంతకు మించి సరిగ్గా చెప్పే అవకాశం నూటికి నాలుగు కంటే తక్కువ. పరీక్షలో ఒత్తిడి వల్ల తేడా మాయమవుతుందని కొందరంటారు. అలాగైతే ఇంట్లోనే, నెల రోజులు తీసుకుని, నచ్చిన పాటలతో చేయవచ్చు. పేరు తెలియకూడదన్నదొక్కటే షరతు. నిమిషంలో తేలికగా వినిపించిందన్న ‘రాత్రికీ పగలుకూ ఉన్నంత తేడా’, పేరు దాచగానే అంత సున్నితమైపోవడానికి కారణం చెప్పవలసింది ఆ తేడా ఉందన్నవారే. ఇంతకంటే పెద్ద తేడాల విషయంలోనూ ఫలితం ఇలాగే వచ్చింది: 2007లో మేయర్, మోరన్ ప్రచురించిన పరీక్షల్లో అధిక నాణ్యత డిస్కుల ధ్వనిని సీడీ స్థాయికి దించి వినిపిస్తే, 554 ప్రయత్నాల్లో 276 సార్లే సరిగ్గా గుర్తించారు. బొమ్మా బొరుసూ వేసినా అంతే వస్తుంది.

ట్రాన్స్‌పోర్టుల్లో తేడాలే లేవని దీని అర్థం కాదు. లేజర్ అరిగితే, గీతలు మరీ ఎక్కువైతే యంత్రం పోయిన చోట అంచనా వేసి నింపుతుంది, లేదా టిక్కుమంటుంది. మోటారు చప్పుడు గదిలో వినిపించవచ్చు. రాగి తీగ ద్వారా కరెంటు గుర్రు స్పీకర్లలోకి చేరవచ్చు. ఆప్టికల్ తీగ వాడితే ఆ దారి మూసుకుపోతుంది. ఇవన్నీ కారణం చూపించి, సరిచేసి, మళ్లీ పరీక్షించగల లోపాలు. ఎవరి డబ్బు వారిది, మీకేం నష్టమని అడుగుతారు. నష్టం కొత్తగా సంగీతం వినడం మొదలుపెట్టిన కుర్రవాడికి. చౌక పెట్టెలో తాను అసలు పాట వినడం లేదేమోనని అతనికి దిగులు పుట్టిస్తున్నారు. అతని గదిలో గోడల ప్రతిధ్వని వల్ల బాస్ ఒకచోట ఉబ్బి, మరోచోట పది డెసిబెల్‌లకు పైగా కుంగి ఉండవచ్చు. కుర్చీ రెండడుగులు జరిపితే తేడా చూడకుండానే తెలుస్తుంది. దానికి రూపాయి ఖర్చు లేదు.