మతిమరపుకు యాంటీబాడీ పరీక్ష అవసరమా?

ప్రశ్న: మా బాపుకు 67 ఏండ్లు. సింగరేణిలో పనిచేసి రిటైరయ్యాడు. నెలన్నరగా మరపు ఎక్కువైంది. అడిగిందే మళ్లీ మళ్లీ అడుగుతున్నాడు. పోయిన వారం బజారుకు పోయి ఇంటి దారి తప్పాడు. నడుస్తుంటే తూలుతున్నాడు, తలనొప్పి అంటున్నాడు. రెండు నెలల కింద స్నానాల గదిలో జారిపడ్డాడు గాని పెద్ద దెబ్బేమీ తగల్లేదు. గుండె కోసం రోజూ ఆస్పిరిన్ వేసుకుంటాడు. ఇది అల్జీమర్స్ జబ్బేనని, ‘టౌ’ అనే మాంసకృత్తిని పట్టే యాంటీబాడీ అమ్ముతున్నారని, దాన్ని తెప్పించి పరీక్ష చేయిద్దామని మా తమ్ముడు అంటున్నాడు. చిన్న సీసా వేల రూపాయలట. అప్పు చేసైనా తెప్పించమంటారా?
— ఒక పాఠకుడు, మంచిర్యాల

జవాబు: అప్పు చేయకండి. ఆ సీసా మీ నాన్నగారికి పనికిరాదు. ఆయనకు ముందు కావలసింది తలకు సి.టి. స్కాన్. అదీ ఈ పత్రిక చదివిన రోజే.

మీరు తేలిగ్గా తీసుకున్న ఆ జారిపడటమే నాకు అన్నింటికన్నా ముఖ్యంగా కనిపిస్తోంది. పెద్ద వయసులో మెదడు కొద్దిగా కుంచించుకుపోతుంది. దాని పైపొర దగ్గర ఉండే సన్నని సిరలు చిన్న దెబ్బకే చిట్లుతాయి. రక్తం కొంచెం కొంచెంగా చేరి, కొన్ని వారాల తర్వాత మెదడును నొక్కుతుంది. పైకి గాయం ఉండకపోవచ్చు. ఆస్పిరిన్ వాడేవారిలో ఈ ప్రమాదం ఎక్కువ. మరపు, తలనొప్పి, తూలడం మూడూ దీనివల్ల రావచ్చు. అల్జీమర్స్ ఏళ్ల తరబడి మెల్లగా ముదురుతుంది. నెలన్నరలో మనిషి ఇంతగా మారితే వేరే కారణం వెతకాలి.

స్కాన్‌లో రక్తం చేరినట్లు కనిపిస్తే, అవసరాన్నిబట్టి పుర్రెకు చిన్న రంధ్రం చేసి తీసివేస్తారు. సకాలంలో తీస్తే చాలామంది కోలుకుంటారు. వాంతులు, మగత, ఒక పక్క కాలూ చేయీ పట్టు తప్పడం కనిపిస్తే అర్ధరాత్రయినా ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఆస్పిరిన్ సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి. మీ అంతట మీరు ఆపకండి.

ఇక యాంటీబాడీ సంగతి. 1906లో జర్మన్ వైద్యుడు ఆలోయిస్ అల్జీమర్, చనిపోయిన ఒక రోగి మెదడులో మచ్చలను, చిక్కుపడిన దారాలను చూసి చెప్పాడు. మచ్చల్లో ఉండేది అమైలాయిడ్, చిక్కుల్లో ఉండేది టౌ. టౌ అందరి మెదడులోనూ ఉంటుంది. నాడీకణంలో సరుకు రవాణా జరిగే దారులకు అది దన్ను. ఈ జబ్బులో దానికి ఫాస్ఫేటు ఎక్కువగా అంటుకుని ఉండలు కడుతుంది.

యాంటీబాడీ అంటే మన ఒంట్లో క్రిములను గుర్తించి పట్టుకునే మాంసకృత్తి. ఎలుక కణాలను క్యాన్సరు కణాలతో కలిపి ఒకే రకం యాంటీబాడీని ఎంతైనా తయారుచేసే పద్ధతిని 1975లో కోలర్, మిల్‌స్టీన్ కనిపెట్టారు. అందుకు 1984లో నోబెల్ బహుమతి వచ్చింది. టౌను పట్టే యాంటీబాడీని పల్చని మెదడు ముక్క మీద వేస్తే టౌ ఉన్నచోటే అంటుకుంటుంది. దానికి రంగు కట్టించి సూక్ష్మదర్శినిలో చూస్తారు. ఇలా పరిశోధనకు అమ్మే సీసా మీద ‘పరిశోధనకు మాత్రమే, రోగనిర్ధారణకు కాదు’ అని రాసి ఉంటుంది. బతికున్న మనిషి మెదడును ఇందుకోసం ఎవరూ కోయరు కదా!

రక్తంలో టౌను కొలిచే పరీక్షలు కూడా వచ్చాయి. వాటిలోనూ యాంటీబాడీలే పనిచేస్తాయి. అలాంటి ఒకదానికి 2025 మేలో అమెరికా ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. అదీ 55 ఏళ్లు దాటి, లక్షణాలు ఉన్నవారికి మాత్రమే. డాక్టరు చేసే మిగతా పరీక్షలతో కలిపే దాన్ని చూడాలి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారిలో టౌ లెక్క ఎక్కువగా కనిపించి తప్పుదారి పట్టించవచ్చు. అన్నిటికీ మించి, టౌ పరీక్ష మెదడును నొక్కే రక్తాన్ని చూపించదు.

స్కాన్ బాగానే ఉంటే తరువాతి మెట్టు బి12 విటమిన్, థైరాయిడ్, షుగరు, రక్తంలో సోడియం పరీక్షలు. ఆయన వాడే మందులన్నీ, నిద్రమాత్రలతో సహా, సంచిలో వేసుకుని వెళ్లి చూపించండి. తాగుడు, దిగులు, చెవుడు ఉంటే దాచవద్దు. వీటివల్ల వచ్చే మరపు చాలావరకు సర్దుకుంటుంది. కరీంనగర్‌లో గాని, ఆదిలాబాద్ రిమ్స్‌లో గాని ఫిజీషియన్ వీటిని మొదలుపెట్టగలరు. అప్పటికీ కారణం తేలకపోతే హైదరాబాదు నిమ్స్‌లోని న్యూరాలజీ విభాగానికి వెళ్లండి.

సువర్ణ అల్లాడి బృందం నిమ్స్‌లో 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ఫలితాలు ప్రచురించింది. రెండు భాషలు మాట్లాడేవారిలో జబ్బు సగటున నాలుగున్నర ఏళ్లు ఆలస్యంగా మొదలైందని, చదువు రానివారిలోనూ ఆ తేడా కనిపించిందని తేల్చింది. తెలుగు, ఉర్దూ, మరాఠీ, గోండి కలగలిసిన మీ ప్రాంతం వారికి ఇది మంచి కబురే. అలాగని అది మందు కాదు. పెద్దవాళ్లను మూల కూర్చోబెట్టకుండా నలుగురితో మాట్లాడనివ్వడం మాత్రం అందరికీ మంచిది.

సీసా కోసం అనుకున్న డబ్బులో కొంత చాలు, స్కాన్‌కు. మీ తమ్ముణ్ణి కూడా వెంట తీసుకెళ్లండి.