వీధి కాలువకు డబ్బు మంజూరు చేసేదెవరు?

ఇంగ్లీషులోని ‘స్టాండింగ్ కమిటీ’ని తెలుగులో ‘స్థాయీ సంఘం’ అంటున్నాము. ‘స్థాయి’ అనగానే మనవారికి హోదా అన్న అర్థమే ముందు తోస్తుంది గాని, సంస్కృతంలో ‘స్థాయీ’ అంటే నిలిచి ఉండునది. అనువాదమే వృత్తిగా గల నాబోటివారికి మూలానికీ మాటకూ ఇంత చక్కగా పొత్తు కుదిరిన సందర్భాలు అరుదు. అయితే ఢిల్లీ నగరపాలక సంస్థలో 2022 డిసెంబరు ఎన్నికల తర్వాత రెండున్నరేళ్ళ పాటు ఈ నిలిచి ఉండవలసిన సంఘం పూర్తిగా ఏర్పడనే లేదు. అది లేకపోవడం వల్ల ఏమి ఆగిపోయినదో చూస్తేగాని, అది ఎందుకున్నదో మనకు బోధపడదు.

1957 నాటి చట్టం ననుసరించి ఢిల్లీ నగరపాలక సంస్థ 1958 ఏప్రిల్ 7న అవతరించినది. అక్కడ మేయరు పదవికి గౌరవం హెచ్చు, గడువు ఒక్క సంవత్సరమే. ఖజానా తాళం చెవి ఉండేది స్థాయీ సంఘం వద్ద. ఇందులో పద్దెనిమిది మంది సభ్యులు: ఆరుగురిని సభ మొత్తం ఎన్నుకుంటుంది, తక్కిన పన్నెండు మందిని పన్నెండు మండలాల వార్డు సంఘాలు ఒక్కొక్కరి చొప్పున పంపుతాయి. అధ్యక్షుని వారే ఎన్నుకుంటారు. హైదరాబాదులో మేయరే స్థాయీ సంఘానికి అధ్యక్షత వహించడం ఎరిగినవారికి ఇది కొంత వింతగా తోచవచ్చు. రోడ్డు గానీ, కాలువ గానీ, చెత్త తరలింపు గానీ, కంట్రాక్టు విలువ రూ.5 కోట్లలోపైతే ఆ రోజులలో కమిషనరు స్వయంగా మంజూరు చేయగలిగేవారు. ఆ గీత దాటితే సంఘం ఆమోదం కావలసివచ్చేది. రాబోయే ఏటి బడ్జెట్ అంచనాలను సైతం కమిషనరు డిసెంబరు 10లోగా ముందుగా ఈ సంఘం ఎదుటనే ఉంచాలని చట్టం చెబుతున్నది.

2012లో మూడు ముక్కలైన ఈ సంస్థ 2022 మే 22న తిరిగి ఒకటైనది. వార్డులు 272 నుంచి 250కి తగ్గినవి. 2023 ఫిబ్రవరిలో ఆరు స్థానాలకు జరిగిన ఎన్నిక సభలో రాత్రంతా రభసగా సాగి హైకోర్టు దాకా వెళ్ళినది. మళ్ళీ ఓటింగు అక్కర లేదని మే 23న కోర్టు తీర్పు చెప్పినది. తక్కిన పన్నెండు స్థానాలకు అడ్డుపడినది మరొక వివాదం: లెఫ్టినెంట్ గవర్నర్ పది మంది సభ్యులను నామినేట్ చేయడం చెల్లుతుందా, చెల్లదా? సుప్రీంకోర్టు 2024 ఆగస్టు 5న చెల్లుతుందన్నది. వార్డు సంఘాల ఎన్నికలు 2024 సెప్టెంబరు 4న, అధ్యక్షపదవికి ఎన్నిక 2025 జూన్ 12న జరిగినవి. ఎవరి తప్పెంత అన్న లెక్క ఈ శీర్షికలో తేలేది కాదు. ఇరుపక్షాలకూ అది కంఠస్థమే.

ఇంతలో నష్టపోయినది ఎవరు? 2024 ఏప్రిల్‌లో హైకోర్టు ముందుకు వచ్చిన వ్యవహారమిది. విద్యాసంవత్సరం మొదలైనా నగరపాలక పాఠశాలల పిల్లలకు పాఠ్యపుస్తకాలు, నోటు పుస్తకాలు, దుస్తులు అందలేదు. అట్టివారు రెండు లక్షలకు పైగా ఉన్నారు. కారణమేమంటే, రూ.5 కోట్లు మించిన కొనుగోళ్ళకు ఆమోదముద్ర వేసే స్థాయీ సంఘం లేదని కమిషనరు విన్నవించారు. కడకు న్యాయస్థానమే కల్పించుకొని, ఈ అవసరాలకు రూ.5 కోట్ల పరిమితితో నిమిత్తం లేకుండా, ఆడిట్‌కు లోబడి ఖర్చు చేయవలసినదిగా కమిషనరును ఆదేశించినది. బడి పిల్లవాని నోటు పుస్తకానికి హైకోర్టు ధర్మాసనం అనుమతి కావలసివచ్చినదన్నమాట!

ఆ ఏడే జూలై 27న ఓల్డ్ రాజిందర్ నగర్‌లో ఒక శిక్షణ కేంద్రపు నేలమాళిగలోకి వాననీరు ముంచెత్తి ముగ్గురు విద్యార్థులు మరణించారు. సివిల్ సర్వీసు పరీక్షలకు వెళ్ళే తెలుగు యువతకు అది చిరపరిచితమైన పేట. ఆ మరణాలను స్థాయీ సంఘం లేమికి అంటగట్టడం న్యాయం కాదు. సామానుకు ఉద్దేశించిన నేలమాళిగలో గ్రంథాలయం నడపడం వేరే నేరం. కాని విచారణలో నగరపు కాలువల వ్యవస్థ డెబ్బై అయిదేళ్ళ నాటిదన్న మాటతోపాటు, రూ.5 కోట్లు దాటిన పథకాలకు అనుమతినిచ్చే సంఘమే లేదన్న మాట కూడా మరల వినవచ్చినది.

అయితే అన్ని అధికారాలూ కమిషనరుకే ఇచ్చివేస్తే పోలేదా అనేవారున్నారు. పని వేగంగా జరుగుతుంది, నిజమే. కాని కమిషనరు ప్రజలు ఎన్నుకున్న వ్యక్తి కాడు, కేంద్రం నియమించిన అధికారి. ఫలానా కంట్రాక్టు ఫలానావారికే ఎందుకని సభ్యుడొకడు లేచి అడిగి, ఆ ప్రశ్న కాగితం మీదికి ఎక్కే చోటు ఈ సంఘమే. అక్కడ జరిగే కలహాలన్నీ ప్రజాహితానికేనని నేననను. అయినా తలుపు వేసిన గదిలో పడే సంతకం కన్న ఆ కలహమే నయమనుకుంటాను. పైగా గీత ఎక్కడ గీసినా, ఒక పెద్ద పనిని చిన్న ముక్కలుగా విడగొట్టి గీతకు దిగువనే ఉంచాలన్న బుద్ధి పుడుతుంది. ఆడిట్ అధికారులు దేశమంతటా ఆక్షేపించే పాత రోగమే ఇది.

మన వీధి కాలువ ఖర్చు మాత్రం ఆ గీతకు చాలా దిగువ. దాని ప్రయాణం వేరు. జూనియర్ ఇంజనీరు అంచనా వేస్తాడు. ధరలకు కేంద్ర ప్రజాపనుల శాఖవారి ధరల పట్టిక ఆధారం. పై ఇంజనీర్లు సరిచూసి, నిధుల పద్దు చూపి మంజూరు చేశాక టెండరు పిలుస్తారు. అర్హులలో తక్కువ కోరినవానికి పని దక్కుతుంది. పని జరిగిన కొద్దీ పొడవు, వెడల్పు, లోతు కొలిచి ‘ఎం.బుక్’ అనే కొలతల పుస్తకంలో వ్రాస్తారు. బిల్లు చెల్లించేది ఆ పుస్తకాన్ని బట్టే. స్థాయీ సంఘం నెలల తరబడి వాదించే కోట్ల కంటే, వీధిలో ఎవరూ చూడని ఆ పుస్తకంలోని అంకెలే పౌరునికి దగ్గర.

వాటిని చూచినవారు ఒకప్పుడు ఢిల్లీలోనే ఉన్నారు. 2001 నాటి ఢిల్లీ సమాచార హక్కు చట్టం ఆధారంగా ‘పరివర్తన్’ అనే సంస్థ ఈశాన్య ఢిల్లీలోని బీదల పేటలైన సుందర్ నగరి, న్యూ సీమాపురిలలో నగరపాలక సంస్థ చేయించిన 68 పనుల కంట్రాక్టు పత్రాల నకళ్ళు సంపాదించినది. ఆ కాగితాలు పట్టుకుని జనం వీధి వీధీ తిరిగి సరిచూశారు. 2002 డిసెంబరు 14న బహిరంగ విచారణ జరిపి, కనుగొన్నవాటిని అందరి ఎదుట చదివారు. రూ.1.3 కోట్ల పనులలో సుమారు రూ.70 లక్షల విలువైనవి కాగితం మీద తప్ప నేల మీద లేవని తేలినది. చేతిపంపులకు బిగించినట్లు వ్రాసిన మోటార్లు లేవు, కాలువలపై పరచినట్లు చూపిన ఇనుప జాలీలు లేవు. చదువురాని స్త్రీలు సైతం తమ గుమ్మం ముందు జాలీ ఉన్నదో లేదో చెప్పగలిగారు. దానికి ఇంజనీరు అక్కరలేదు గదా. ఆ సంస్థను నెలకొల్పినవారిలో ఒకరైన అరవింద్ కేజ్రీవాల్ తర్వాత ముఖ్యమంత్రి అయ్యారు. స్థాయీ సంఘం లేని రెండున్నరేళ్ళలో చాలా భాగం నగరపాలక సంస్థలో మేయరు పదవి ఆయన పక్షానిదే. చరిత్రకు ఇటువంటి సరదాలు మెండు.

2005 నాటి కేంద్ర సమాచార హక్కు చట్టంలో ఈ సందర్భానికి పనికివచ్చే మాట ఒకటున్నది. పౌరుడు కాగితాల నకళ్ళు మాత్రమే కాదు, జరిగిన పనిని స్వయంగా పరిశీలించే హక్కునూ, వాడిన సామగ్రి నమూనాలను ధ్రువీకరణతో పొందే హక్కునూ కలిగి ఉన్నాడు. అనగా మన వీధి కాలువ ఎం.బుక్ నకలుతో పాటు, ఆ కాలువలో వేసిన సిమెంటు కాంక్రీటు ముక్కను కూడా దరఖాస్తు పెట్టి అడగవచ్చును.