విమానమెక్కని భూప్రదక్షిణము



విజయవాడనుండి యొక సోదరి వ్రాసిన జాబు మూడువారములుగా మా బల్లమీద నున్నది. ఆమె యొక కళాశాలలో ఉపాధ్యాయిని. వయస్సు 54 సంవత్సరములు. పదునొకండేండ్లు మంచముపట్టిన యత్తగారికి సేవచేసి క్రిందటియేడు ఆమెను సాగనంపిరి. పిల్లలిరువురును స్థిరపడిరి. ఇప్పు డొక సంవత్సరము వేతనములేని సెలవు పుచ్చుకొని లోకము చుట్టిరావలెనని యామె సంకల్పము. అదియును విమాన మెక్కక, రైళ్లమీదను ఓడలమీదను మాత్రమే. "ఆకాశమున బోయినచో ఊరికిని ఊరికిని నడుమ నున్నది కానరాదు. నాకు ఆ నడుమ నున్నదే చూడవలెనని యున్నది" అని వ్రాసిరి. కుమారుడు నవ్వి, "అమ్మా, వినాయకుడు తల్లిదండ్రులచుట్టు తిరిగియే భూప్రదక్షిణఫలము పొందలేదా? నీకెందు కీ శ్రమ?" అనెనట. "అతడు తల్లిచుట్టు తిరిగెను. తల్లినైన నే నెవరిచుట్టు తిరుగవలెను?" అని యామె మమ్ముల నడుగుచున్నారు.

ఇట్టి జాబు మాకు మొదటిది కాదు. కొన్ని యేండ్లక్రిందట మరియొక సోదరి బదరీయాత్రకు బోవనా యని యడిగినపుడు, కుమార్తె పురుడు గడచినపిదప వెళ్లుడని మేము బుద్ధిచెప్పితిమి. పురుడు గడచెను; తరువాత మనుమని చదువు, తరువాత ఇంటి మరమ్మతు వచ్చెను. ఇప్పు డామె మోకాళ్లు మేడమె ట్లెక్కుటకును సహకరించుట లేదు. ఆమె మమ్ము నిందింపలేదు. అయినను మా యుత్తరము తప్పని మాకు తోచుచున్నది. కావున ఈమారు "తరువాత" అను మాట వ్రాయము.

దీర్ఘమైన సెలవుపెట్టి దేశము చూచుట మనకు క్రొత్తది కాదు. మదరాసు సుప్రీముకోర్టులో ద్విభాషిగా నుండిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830వ సంవత్సరము మే 18వ తేదీన కుటుంబముతోను పరివారముతోను కాశీకి బయలుదేరిరి. హైదరాబాదు, నాగపూరుల మీదుగ కాశి చేరి, గయ, కలకత్తాలు చూచి, తూర్పుతీరమువెంట దిగివచ్చి, 1831 సెప్టెంబరు 3వ తేదీన ఇల్లు చేరిరి. పదునైదు నెలలకు పైగా పట్టెను. దారిలో దొరకు వస్తువులు, దొరకనివి, ఏళ్లు దాటు విధము, మజిలీల సౌకర్యము, ఇవన్నియు ఏనాటి కానాడు వ్రాసియుంచిరి. ఆయన గతించిన పిదప 1838లో మిత్రుడు అచ్చువేయించిన "కాశీయాత్రచరిత్ర" యదియే.

మన కృష్ణామండలమును ప్రయాణములకు పెట్టినది పేరు. కాకినాడనుండి ఏలూరుకాలువమీదుగ బెజవాడకును, ఆవల కొమ్మమూరు, బకింగుహాము కాలువలమీదుగ మదరాసుకును పడవలు నడచిన కాలము కలదు. 1893లో కృష్ణపై రైలువంతెన తెరచిరి. బర్మాకు మనవారు ఓడలలో బోయి, 1942లో యుద్ధభయమున అడవులవెంట కాలినడకను తిరిగివచ్చిరి. విమానము లేని ప్రయాణమున కష్టమెట్టిదో మన పూర్వుల కెరుకయే.

ఇక దారి సంగతి. ఆనాడు లేని యడ్డంకు లీనాడు కలవు. పడమట అట్టారి సరిహద్దు 2025 ఏప్రిలులో మూయబడెను. తూర్పున బర్మాదారి 2021నాటి సైనికాక్రమణము తరువాత క్షేమకరము గాదు. మిగిలినది ఉత్తరపుదారి. నేపాళమున మనకు వీసా యక్కరలేదు. అచ్చటినుండి టిబెట్టు ప్రవేశించుటకు ప్రత్యేకానుమతియు, మార్గదర్శియు ఉండవలెను, ఒంటరిగ తిరుగనీయరు. లాసా చేరినచో 2006లో తెరచిన రైలుమార్గము చైనాలోనికి దింపును. కొండచరియలు విరిగి ఈ బాట తరచు చెడును గనుక, బయలుదేరుటకు ముందు విచారించుకొనవలెను.

కాలనిర్ణయ మిట్లు చేసిన మేలు. దసరాకు ఇంద్రకీలాద్రిపై అమ్మవారిని దర్శించి బయలుదేరినచో, చలి ముదురకముందే టిబెట్టు దాటవచ్చును. శీతకాలము దక్షిణమున గడపవలెను: కున్మింగునుండి లావోసు రాజధానికి 2021లో రైలు వేసిరి, అచ్చటినుండి బాంకాకు, మలేషియాల మీదుగ సింగపూరు వాకిటివరకు రైలుమీదనే పోవచ్చును. మలేషియాలో పేరాకు సీమలో తాతలనాడు తోటలలో పనికి బోయిన మన తెలుగువారి సంతతి కలదు. సంక్రాంతి వారినడుమ జరుపుకొనవచ్చును. పిదప ఉత్తరమునకు మరలి, చైనానుండి కొరియాకును, కొరియానుండి జపానుకును ఓడలలో చేరవలెను. చైనాలో రెండుమారులు ప్రవేశింతురు గనుక ఆ రెండు ప్రవేశములకును వీసా సంగతి ముందే విచారించుకొనవలెను.

పసిఫికు మహాసముద్రమే కష్టతరము. సరకుటోడలు పెక్కు 2020నాటి మహమ్మారి పిదప ప్రయాణికుల నెక్కించుకొనుట మానినవి. అయితే విహారనౌకలు వసంతమున ఆసియానుండి అలాస్కాతీరమునకును, శరత్తున అటనుండి ఇటును మారును. అందుచేత తూర్పుముఖముగ బోవువారు వసంతముననే జపానులో ఓడ యెక్కవలెను. వాంకూవరునుండి టొరంటోకు రైలులో నాలుగు రాత్రులు. న్యూయార్కునుండి ఇంగ్లండులోని సౌతాంప్టనుకు "క్వీను మేరీ 2" ఓడలో ఏడు రాత్రులు. లండనునుండి పారిసుకు సముద్రగర్భముననున్న సొరంగములో రైలు. ఇట్లు గ్రీష్మాంతమునకు ఐరోపా చేరుదురు.

ఇచ్చట రెండు ముళ్లు కలవు. మొదటిది వీసా. షెంగెను దేశములవారు ప్రయాణమునకు ఆరునెలలకు మించి ముందుగ దరఖాస్తు పుచ్చుకొనరు. అచ్చట ఏ 180 దినములలోనైనను 90 దినములకంటె ఎక్కువ యుండరాదు. దసరాకు ఇల్లు విడుచువారికి, ఆ దరఖాస్తుకాలము వచ్చునప్పటికి పరదేశమున నుందురు. ఇదివరలో ఐరోపాకు బోయి నియమముతప్పక తిరిగివచ్చినవారికి దీర్ఘకాలపు వీసా దొరకు నవకాశము కలదు. కావున ఈ సంగతి తేలకముందు సెలవుచీటీ పై యధికారి కీయవలదు.

రెండవది తిరుగుదారి. శరత్తున మధ్యధరాసముద్రమునుండి కొన్ని విహారనౌకలు తూర్పునకు వచ్చును. కాని 2023 చివరనుండి ఎర్రసముద్రమున ఓడలపై జరిగిన దాడులచేత ఎన్నియో నౌకలు ఆఫ్రికాను చుట్టిపోయినవి. ఈ చివరిపాయ ముందుగ నిశ్చయించుకొనదగినది గాదు. వ్యాధి, ఇంట నాపద, ఓడ దొరకకపోవుట, ఈ మూటిలో ఏది సంభవించినను విమానమెక్కి వచ్చెదనని బయలుదేరకముందే ఇంటివారికి మాట యిచ్చుట మంచిది. ఆ టిక్కెట్టు సొమ్ము వేరుగ నుంచి, దానిని ముట్టరాదు. వ్రతమునకు ఉద్యాపన యుండును. ఇల్లు చేరుటయే ఈ వ్రతమునకు ఉద్యాపన. నగలు తాకట్టుపెట్టి మాత్రము బయలుదేరవలదు. సరిపడు సొమ్ము లేనిచో సగము దారి పోయి తిరిగివచ్చుట అవమానము గాదు.

చిన్నవిషయములును చెప్పెదము. మందులు అసలుపేర్లతో వైద్యుడు వ్రాసిన చీటీతో కూడ నుండవలెను. కండ్లజోడు రెండవది యుండవలెను. విహారనౌకలలో గదియందు నీరు కాచుకొను విద్యుత్తుసాధనములు పెట్టనీయరు. ఊరగాయజాడీకి బదులు కందిపొడి తీసికొనుడు. అదియును ఏ దేశమున దిగునపుడు చూపవలెనో ముందే తెలిసికొనుడు. జపానునుండి అమెరికాకు పోవు దారిలో దినరేఖ దాటునపుడు ఒకే తేదీ రెండుమారులు వచ్చును. శనివారము ఒంటిపూట యుండు సోదరి కారోజు వచ్చినచో, ఒక్కపూటయే చాలునని మా యభిప్రాయము.

ముందొక పరీక్షాప్రయాణము చేయుట యవసరము. దిబ్రూగఢునుండి కన్యాకుమారికి పోవు వివేక్ ఎక్స్‌ప్రెస్సు మన బెజవాడమీదుగనే పోవును. 4,100 కిలోమీటరులకు పైబడిన ఆ దారి మన దేశమునందెల్ల దీర్ఘమైనది. దానియందు మూడురాత్రులు గడపినచో నడుము మాట తెలియును. పిదప చెన్నపురినుండి గాని విశాఖపట్టణమునుండి గాని పోర్టుబ్లెయిరుకు ఓడలో పోయిన, సముద్రము పడునో పడదో తెలియును. ఈ రెండును ఓర్చుకొన్నవారు మిగిలినదానికి సిద్ధపడవచ్చును.

ఇంటివారి సిద్ధతయు నంతే ముఖ్యము. గ్యాసు పుస్తక మెక్కడ నున్నదో, పాలవాని లెక్క యెట్లో, ఏ మందు ఎవరికో ఒక నోటుపుస్తకమున వ్రాసి, బయలుదేరుటకు మూడునెలలముందే భర్తకును కుమారునికిని అప్పగింపవలెను. మొదటినెల పొరపాట్లు జరుగును, జరుగనిండు. మీరు ఊరనున్నపుడే వారు నేర్చుకొనుట మంచిది.

మన డెల్టాలో ప్రతివేసవిలోను కాలువలు కట్టి, పూడిక తీయుదురు. నీరు నిలిపినందుకు కాలువను ఎవరును నిందింపరు. పూడిక తీయకున్నచో తొలకరికి నీరు చివరిపొలమునకు చేరదు. పదునొకండేండ్లు ఎడతెగక పారిన మనిషికిని ఒక వేసవి కావలెను.

ఇక కుమారున కుత్తరము. నాయనా, ఆ కథలో నెమలిపై నెగిరి లోకము చుట్టినవాడు కుమారస్వామి. వినాయకుని వాహనము నేలబారు ఎలుకయే. మీ యమ్మగారు నేలదారి కోరుటలో వినాయకుని మార్గమే త్రొక్కుచున్నారు. ఆమె చుట్టు తిరుగు పుణ్యము నీకు కావలెనన్న, బెజవాడ స్టేషనులో సామాను మోసి రైలెక్కింపుము. తిరిగివచ్చుదినమున అదే ప్లాటుఫారముమీద నిలిచి యుండుము.

సోదరి మొదటి మజిలీనుండి వ్రాయు జాబుకై మేము ఎదురుచూచుచుందుము.