ఈ పాట ఎక్కడ పుట్టింది?

మన సభల్లో పాట లేనిదే ఏదీ మొదలుకాదు. తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల్లో మహిళా సంఘాల సమావేశాలకు వెళ్ళినప్పుడల్లా నేను చూస్తూ వచ్చిందే ఇది. డప్పు మోగుతుంది, ఒకరు ఎత్తుకుంటారు, మిగతావాళ్ళు వంత పాడతారు. జనం కుదురుకున్నాక "ఇక విషయానికి వద్దాం" అంటాం. మరి పాట విషయం కాదా? అది ఎక్కడ పుట్టింది, ఎవరి తరఫున మాట్లాడుతోంది అని మనం ఎందుకు అడగం?

మన ఉద్యమాల పాటకు పెద్ద ఆధారం జననాట్యమండలి. 1972లో ఏర్పడిన ఆ దళం, అందులోంచి వచ్చిన గద్దర్, పల్లె బాణీలకు రాజకీయం నేర్పారు. ఊడ్పుల్లో, కోతల్లో, తిరగలి దగ్గర, ఉయ్యాల దగ్గర ఆడవాళ్ళు తరతరాలుగా పాడుకున్న వరసలు వాటిలో ఎన్నో ఉన్నాయి. పాట కట్టినవాడి పేరు నిలిచింది. బాణీ ఇచ్చిన కూలి స్త్రీ పేరు నిలవలేదు.

పాట అర్థం దగ్గరా ఇదే జరిగింది. 1985 జూలైలో కారంచేడులో మంచినీళ్ళ చెరువు దగ్గర, తనను కొట్టబోయిన అగ్రకుల యువకులకు ఎదురుగా బిందె ఎత్తింది సువార్త అనే దళిత స్త్రీ. మర్నాడు, 17న, ఊరి పెత్తందార్లు ఆరుగురు దళితులను చంపారు, స్త్రీలపై అత్యాచారాలు చేశారు. ఆ పోరాటంలోంచే తెనాలిలో దళిత మహాసభ ఏర్పడింది, దళితులను పులులుగా కీర్తించిన గద్దర్ పాట ఊరూరా మోగింది. అయితే పులి అనగానే వినేవాళ్ళ కళ్ళముందు నిలిచేది మగవాడే. స్త్రీ అమరుడి తల్లిగానో, భార్యగానో కన్నీళ్ళతో నిలబడుతుంది. మొదట బిందె ఎత్తిన చెయ్యి మాత్రం మరుగున పడుతుంది.

తెనాలి, బాపట్లల మధ్య రైలుదారిలో ఉన్న చుండూరు మనల్ని ఇంకా ఇబ్బందికరమైన ప్రశ్న అడిగింది. 1991 ఆగస్టు 6న అక్కడ ఎనిమిదిమంది దళితులను చంపారు. తమ ఆడవాళ్ళను అల్లరిపెట్టారన్న ఆరోపణను అగ్రకులాలు ఆ హత్యలకు సమర్థనగా వాడుకున్నాయి. అగ్రకుల స్త్రీలూ ఆ మాటతోనే వీధుల్లోకి వచ్చారు. మనం "స్త్రీ" అంటున్నప్పుడు ఆమె కులం ఏమిటని సూసీ తారు, తేజస్విని నిరంజన 1994లో చర్చకు పెట్టింది ఇందుకే. స్త్రీవాద కవితా సంకలనం 'గురిచూసి పాడే పాట' 1990లో, దళిత కవితా సంకలనం 'చిక్కనవుతున్న పాట' 1995లో వచ్చాయి. రెండూ పాట అనే పేరే పెట్టుకున్నాయి. మధ్యలో చుండూరు ఉంది. ఈ రెండు పాటల్లోనూ దళిత స్త్రీ తన చోటు కోసం ఎదురుచూడాల్సి వచ్చింది.

2007లో చుండూరులోనే ఏర్పాటైన ప్రత్యేక న్యాయస్థానం 21 మందికి యావజ్జీవ శిక్ష విధించింది. 2014లో హైకోర్టు వాళ్ళందరినీ నిర్దోషులుగా విడిచిపెట్టింది. న్యాయస్థానాల్లో సాక్ష్యం ఇలా వీగిపోతున్నప్పుడు, జరిగినదాన్ని తర్వాతి తరానికి చెప్పేది పాటే. అందులోనూ స్త్రీలు లేకపోతే ఇక ఎక్కడ ఉంటారు?

పాట అర్థం రాసినవాళ్ళ చేతిలోనే ఉండిపోదు. నెల్లూరు జిల్లాలో ప్రభుత్వం నడిపిన అక్షరాస్యతా కార్యక్రమం పాటలతో, కథలతో ఊళ్ళకు వెళ్ళింది. చదువు కోసం కూడిన స్త్రీలు 1992లో దూబగుంట నుంచి సారా వ్యతిరేక ఉద్యమం లేవదీసి, సారా వేలాలు పాడే ఆ ప్రభుత్వాన్నే నిలదీశారు. 1993లో సారా నిషేధం తెచ్చుకున్నారు. పాడేవాళ్ళు తమ బతుకును అందులో పెట్టినప్పుడు పాట ఇంత పని చేస్తుంది.

అందుకే సంఘాల్లో, స్వచ్ఛంద సంస్థల్లో పనిచేస్తున్న మిత్రులకు ఒక విన్నపం. శిక్షణ తరగతుల్లో పాట అయిపోగానే ముందుకు సాగకండి. ఒక అరగంట ఆగి, ఈ బాణీ మీ ఊళ్ళో ఎవరు పాడేవారని పెద్దవయసు కూలి స్త్రీలను అడగండి. ఈ పాటలో మీరు ఎక్కడ ఉన్నారని అడగండి. లేమని వాళ్ళంటే చరణం మార్చనివ్వండి, కొత్తది కట్టనివ్వండి. వాళ్ళు ఒప్పుకుంటే పేరు, ఊరు, సంవత్సరం సంఘం పుస్తకంలో రాయండి. ఊడ్పులకు యంత్రాలు వస్తున్న ఈ రోజుల్లో ఆ వరసలు తెలిసినవాళ్ళు తగ్గిపోతున్నారు. ఈ పని వచ్చే సంచిక లోపే మొదలుపెడదాం.