గూగుల్‌కు కనపడని గుంటూరు

జనవరి దాటి మిరప కోతలు ఊపందుకున్నాయంటే గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల్లో ఎవరి ఫోన్ చూసినా ఒకటే గోల. తేజ ఎంత పలికింది? 341 ఎంతకు పోయింది? తాలుకు ఎంతిస్తున్నారు? ఇప్పుడే అమ్ముకోవాలా, కోల్డ్ స్టోరేజీలో పెట్టుకోవాలా? మిర్చి యార్డు ధరల పట్టీ ఫొటోగా మారి వాట్సాప్‌లో గ్రూపు నుంచి గ్రూపుకు పరుగెడుతుంది. మర్నాటికి కొత్త ఫొటో వస్తుంది, పాతది కిందికి జారిపోతుంది. నిరుడు ఇదే వారంలో ధర ఎలా ఉందో చూసుకుందామని ఓ రైతు తెలుగులో వెతికితే ఆ ఫొటోలేవీ అతని ముందుకు రావు.

మిర్చికి ప్రపంచమంతా పేరున్న ఊరి సంగతి ఇది. రాసేవాళ్లు లేరా అంటే, కావలసినంత మంది ఉన్నారు. వ్యవసాయ శాస్త్రవేత్తలు రాస్తున్నారు, విలేఖరులు రాస్తున్నారు, చదువుకున్న రైతు బిడ్డలు సొంతంగా వెబ్‌సైట్లు తెరుస్తున్నారు. రాసినదాంట్లో చాలా భాగం సెర్చింజన్ చూపుకు అందని చోట పడి ఉంటోంది. ఈ లోపంలో గూగుల్ వాటా కొంత, మన వాటా ఎక్కువ.

ఇంటర్నెట్‌లో పేజీ పెట్టగానే అది గూగుల్‌లో కనిపించేస్తుందని చాలామంది అనుకుంటారు. సరుకు యార్డుకు తోలుకొచ్చినంత మాత్రాన అమ్ముడుపోదు కదా. గేటు దాటాలి, బస్తా విప్పి కాయ చూడాలి, ఆపైన కొనాలో వద్దో వ్యాపారి తేల్చుకోవాలి. సెర్చింజన్ దగ్గర కూడా మెట్లు మూడే. ముందు అలాంటి పేజీ ఒకటుందని దానికి తెలియాలి. గూగుల్‌బాట్ అనే ప్రోగ్రాం ఒక పేజీలో కనిపించిన లింకు పట్టుకుని మరో పేజీకి పోతూ ఉంటుంది. ఎవరూ లింకు ఇవ్వని పేజీ దాని దారిలో తగలదు. తగిలాక వచ్చి చదవాలి. చదివాక తన పేజీల జాబితా అయిన ఇండెక్స్‌లో చేర్చుకోవాలా వద్దా అని నిర్ణయించుకోవాలి. చదివిన ప్రతిదాన్నీ చేర్చుకుంటానని గూగుల్ ఎక్కడా మాట ఇవ్వలేదు.

తనకు తెలిసిన పేజీలు 130 లక్షల కోట్లని 2016లో గూగుల్ చెప్పుకుంది. అమెరికాలో ఆ సంస్థ మీద నడిచిన గుత్తాధిపత్య కేసులో 2023లో సాక్ష్యమిచ్చిన దాని ఉపాధ్యక్షుడు పాండు నాయక్, 2020 నాటికి ఇండెక్స్‌లో ఉన్నవి సుమారు 40,000 కోట్ల పత్రాలని చెప్పారు. రెండూ వేర్వేరు ఏళ్ల లెక్కలే అయినా, తెలిసిన పేజీల్లో నూటికి ఒకటి కూడా లోపలికి రావడం లేదని అర్థమవుతోంది. ఆ వడపోతలో కొత్తగా మొదలైన ఒక తెలుగు సైటు నెగ్గుకురావాలంటే కనీసం తన వైపు నుంచి తప్పులు ఉండకూడదు.

మొదటి తప్పు డీటీపీ బల్ల మీదే జరుగుతుంది. గుంటూరు బ్రాడీపేట సెంటర్లోనో, నరసరావుపేటలోనో, ఒంగోలులోనో ఆపరేటర్ పేజ్‌మేకర్ తెరిచి అను ఫాంట్లలో కరపత్రం కొడతాడు. తెర మీద ముత్యాల్లాంటి తెలుగు అక్షరాలు, ‘మిరపలో తామర పురుగు నివారణ’ అని. అచ్చుకు వెళ్లినంతకాలం ఇబ్బంది లేదు. దాన్నే పీడీఎఫ్ చేసి వెబ్‌సైట్లో పెట్టినప్పుడు చూడాలి. ఆ శీర్షికను కాపీ చేసి ఫోన్‌లో పేస్ట్ చేస్తే రోమన్ అక్షరాలు, బ్రాకెట్లు, డాలరు గుర్తులు కలగాపులగంగా పడతాయి. ఆ ఫాంటు రోమన్ అక్షరాల గడుల్లో తెలుగు ఆకారాలను కూర్చి పెట్టుకుంది. మనిషి కంటికి అది తెలుగు. గూగుల్‌బాట్‌కు ఏ భాషా కాదు. తామర పురుగు గురించి వెతికే రైతుకు ఆ కరపత్రం ఎన్నటికీ చేరదు, అందులో ఎంత మంచి సలహా ఉన్నా సరే.

ఈ జబ్బుకు మందు కొత్తదేమీ కాదు. ప్రతి లిపిలోని అక్షరానికీ సొంత సంఖ్య ఇచ్చే యూనికోడ్ 1991లో వచ్చింది, దాని మొదటి వెర్షన్‌లోనే తెలుగుకు 128 గడులు కేటాయించారు. అయినా మన దినపత్రికల వెబ్‌సైట్లు చాలాకాలం ఎవరి ఫాంటు వారిదిగా నడిచాయి. ఆ రోజుల్లో వెన్న నాగార్జున ‘పద్మ’ అనే ఉపకరణం తయారు చేశారు. పత్రికల సొంత ఫాంట్లలోని వార్తను అది యూనికోడ్‌లోకి మార్చి చూపించేది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకు అంకురార్పణ చేసినదీ ఆయనే. తర్వాత సిలికానాంధ్ర, అప్పటి రాష్ట్ర ప్రభుత్వం కలిసి గిడుగు, గురజాడ, మండలి, సురవరం వంటి పేర్లతో యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా విడుదల చేశాయి. అంటే అందమైన అక్షరం లేదన్న సాకు పోయి పదేళ్లు దాటింది. ఇవాళ్టికీ ప్రజల కోసం పెట్టే సమాచారాన్ని పాత ఫాంట్లలోనో, ఫొటోలుగానో ఎక్కించడం బద్ధకం తప్ప మరొకటి కాదు.

రెండో తప్పు ఒంటరితనం. 1998లో లారీ పేజ్, సెర్గీ బ్రిన్ గూగుల్‌ను స్థాపించినప్పుడు దానికి పునాది లింకుల లెక్కే. ఎవరు ఎవరిని ప్రస్తావిస్తున్నారన్నదాన్ని బట్టి పేజీ విలువ కట్టారు. కాలక్రమంలో లెక్కలో ఎన్నో కొత్త అంశాలు చేరినా, కొత్త పేజీ జాడ దొరకడానికి లింకే ఇప్పటికీ రాచబాట. తెలుగులో తొలితరం నెట్ రచయితలు ఈ సంగతి బాగా పట్టుకున్నారు. 2006లో వీవెన్ ప్రారంభించిన ‘కూడలి’ అనే సైటులో ఎవరు కొత్తగా తెలుగులో రాసినా వారి తాజా రచన లింకుతో సహా ప్రత్యక్షమయ్యేది. పాఠకులు అటు వెళ్లేవారు, వాళ్లతో పాటు సెర్చింజన్లూ వెళ్లేవి. ఇప్పుడు రచయితలు ఫేస్‌బుక్‌కు, వాట్సాప్‌కు తరలిపోయారు. వాట్సాప్ గ్రూపులో పంచిన లింకును గూగుల్‌బాట్ చూడలేదు. వెయ్యిమంది చదివినా సెర్చింజన్ దృష్టిలో ఆ పేజీకి దారి పడలేదు.

దారి పడితే ఏమవుతుందో తెలుగు వికీపీడియా చూపిస్తోంది. పల్నాడులోనో, దర్శి చుట్టుపక్కలో ఒక చిన్న పల్లె పేరు తెలుగులో కొట్టి చూడండి, తరచు ముందుగా ఎదురయ్యేది వికీపీడియా పేజీయే. ఆ పల్లె పేజీ నుంచి మండలానికి, మండలం నుంచి జిల్లాకు, జిల్లా నుంచి తిరిగి పల్లెకు లింకులు అల్లుకుని ఉంటాయి. జీతం లేని వాలంటీర్లు ఓపికగా అల్లిన ఆ వల మీద లక్ష దాటిన వ్యాసాలు నిలబడ్డాయి. అదే పల్లెలోని సహకార సంఘం సైటుకో, హైస్కూలు పూర్వ విద్యార్థులు పెట్టుకున్న పేజీకో బయటినుంచి ఒక్క లింకూ ఉండదు.

మూడో రకం తప్పులు చిన్నవి, కానీ ప్రాణాంతకం. వర్డ్‌ప్రెస్‌లో సైటు కట్టేటప్పుడు, సెర్చింజన్లను రావద్దని చెప్పే గడిలో టిక్కు పెట్టుకుంటారు, పని పూర్తయ్యేదాకా ఎవరూ చూడకూడదని. ప్రారంభోత్సవం అవుతుంది, టిక్కు అలాగే ఉండిపోతుంది. నెలల తరబడి రాసిందంతా వృథా. సైటులో ఎక్కడికి రావొచ్చో, ఎక్కడికి రాకూడదో సెర్చింజన్లకు చెప్పే రోబోట్స్ ఫైలులో ఒక గీత పొరపాటున పడినా ఇంతే. 1994లో పుట్టిన ఆ చిన్న ఫైలు ఆజ్ఞను గూగుల్‌బాట్ లాంటి బాధ్యతగల క్రాలర్లన్నీ పాటిస్తాయి. మరికొందరు లింకులో తెలుగు మాట పెట్టడానికి భయపడతారు. కారణం, ‘మిర్చి’ అన్న చిన్న మాట వాట్సాప్‌లో పంపేసరికి శాతం గుర్తులతో 54 అక్షరాల తోకగా సాగుతుంది. ఆ మాటలో యూనికోడ్ లెక్కన ఆరు సంకేతాలు, ఒక్కోదానికి మూడు బైట్లు, ఒక్కో బైటు రాయడానికి మూడు గుర్తులు. చూడ్డానికి వైరస్ లింకులా ఉంటుంది కానీ గూగుల్ దాన్ని శుభ్రంగా చదువుకుంటుంది. భయం అక్కర్లేదు.

ఇంత పని ఎవరు చేస్తారంటారా? గూగుల్ సెర్చ్ కన్సోల్ ఉచితం. సైటు తమదేనని అక్కడ నిరూపించుకుని, పేజీల జాబితా అయిన సైట్‌మ్యాప్ అప్పగిస్తే చాలు. ఒక్కో సైట్‌మ్యాప్‌లో 50,000 పేజీల దాకా పెట్టొచ్చు. ఏ పేజీ ఇండెక్స్‌లోకి వెళ్లింది, ఏది ఆగింది, ఎందుకు ఆగిందన్నది అక్కడే కనిపిస్తుంది. బింగ్‌కు కొత్త పేజీ సంగతి వెంటనే చెప్పడానికి 2021లో వచ్చిన ఇండెక్స్‌నౌ పద్ధతి ఉంది. ఆ తర్వాత ఓపిక పట్టాలి. కొన్ని రోజుల నుంచి కొన్ని వారాలు పట్టొచ్చని గూగులే చెబుతోంది. ఈలోపు 24 గంటల్లో గూగుల్‌లోకి ఎక్కిస్తామని డబ్బులడిగేవాళ్లు ఫోన్ చేస్తారు. పైసా ఇవ్వకండి. డబ్బు తీసుకుని పేజీలను ఎక్కువసార్లు చూడటం, పైకి తేవడం తమ పద్ధతి కాదని గూగుల్ స్పష్టంగా చెప్పింది. కొనుక్కున్న లింకులు దొరికిపోతే ఉన్న పరువూ పోతుంది.

గూగుల్ వాటా తప్పు లేదని కాదు. లింకు లెక్క పెద్ద సైట్లకే కలిసొస్తుంది. మంగళగిరిలో ఒకే మనిషి నడిపే సైటు శ్రద్ధగా చేసిన పరిశోధనకు, హైదరాబాద్ స్టూడియోలో అదే విషయం మీద హడావుడిగా వండిన కథనానికి మధ్య తేడాను ఆ లెక్క అన్నిసార్లూ పట్టుకోదు. అయితే చిన్న సైట్లు కూడా ప్రభుత్వ ప్రకటనను అక్షరం పొల్లుపోకుండా ఎత్తిపెట్టుకుంటే సెర్చింజన్ అన్నిటినీ ఒకటిగా కట్టి ఒకదాన్నే చూపిస్తుంది. 2025 ఫిబ్రవరిలో మిర్చి ధర పడిపోయినప్పుడు కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాకు 11,781 రూపాయల ధర ప్రకటించింది, 2.91 లక్షల టన్నుల వరకు. అలాంటి ప్రకటన వచ్చినరోజు ఆ అంకెను అందరూ వేస్తారు. అది ఎవరికి వర్తిస్తుంది, డబ్బు ఎలా చేతికొస్తుంది, ఇప్పటికే అమ్ముకున్నవాడి మాటేమిటి అని యార్డులో నిలబడి అడిగి రాసిన పేజీ ఒక్కటున్నా దానికి ఇండెక్స్‌లో చోటు దొరికే అవకాశం ఎక్కువ. రైతుకు కావలసిందీ అదే.

వెతికితే దొరికే తెలుగు పేజీ లేకపోతే ఎంత నష్టమో 2021–22లో తెలిసొచ్చింది. ఆ ఏడు నల్ల తామర పురుగు మిరప తోటల మీద విరుచుకుపడింది. దేశంలో 2015లో బొప్పాయి మీద తొలిసారి గుర్తించిన పురుగు అది. పూలల్లో చేరి పూత రాల్చేసింది. నిలువునా తోటలు పీకేసినవాళ్లున్నారు. గుంటూరు దగ్గరి లాం వ్యవసాయ పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు పొలాలు తిరిగారు, నీలం రంగు జిగురు అట్టలు పెట్టమన్నారు, మందు మీద మందు కొట్టొద్దన్నారు. ఇలాంటి సలహాలు ఎక్కువగా తిరిగేది పోస్టర్లుగా, వీడియోలుగా. పోస్టర్‌లోని అక్షరాన్ని సెర్చింజన్ నమ్మకంగా చదవదు. వీడియోలో ఏడో నిమిషంలో చెప్పిన మోతాదు కోసం వెతికితే దొరకదు. రాత్రి పదకొండింటికి ఫోన్ పట్టుకున్న రైతుకు శాస్త్రవేత్త మాట కన్నా ముందు మందు అమ్ముకునేవాడి మాట ఎదురైతే తప్పు రైతుది కాదు.

పాత రాతల గతీ ఇంతే. వేటపాలెంలో 1918లో పుట్టిన సారస్వత నికేతనం గ్రంథాలయానికి 1929లో గాంధీజీ శంకుస్థాపన చేశారు. పాత తెలుగు పత్రికల కోసం పరిశోధకులు ఇప్పటికీ అక్కడికి రైలెక్కి వస్తారు. పాత పత్రికలు, పుస్తకాలు స్కాన్ చేసే పని రాష్ట్రంలో చాలానే జరిగింది. కానీ స్కాన్ అంటే ఫొటోయే. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాలోకి ఎక్కిన తెలుగు పుస్తకాల పేర్లను రోమన్ లిపిలో తప్పులతడకగా నమోదు చేశారు. వికీపీడియన్లు కూర్చుని వాటికి తెలుగులో జాబితాలు కట్టాకే చాలా పుస్తకాలు వెతికితే దొరికే స్థితికి వచ్చాయి. జాబితా కట్టడం కూడా ప్రచురణలో భాగమేనని మన సంస్థలు ఒప్పుకోవాలి, అందుకు బడ్జెట్ కేటాయించాలి.

ఉన్న పేజీలను సరిదిద్దడమూ అంతే అవసరం. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి. చిలకలూరిపేట పల్నాడులోకి, పర్చూరు బాపట్లలోకి వెళ్లాయి. పాత జిల్లా పేరుతో ఉన్న పేజీలు మాత్రం సెర్చింజన్‌లో అలాగే నిలిచి ఉన్నాయి. పాత పేజీ మీద కొత్త పేజీకి ఒక లింకు పెడితే జనం సరైన ఆఫీసుకే వెళ్తారు.

చేయవలసినవాళ్లు ఎవరో తెలుసు కాబట్టి పేరు పెట్టే అడగాలి. లాంలోని ఆచార్య ఎన్జీ రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం ప్రతి సలహాకూ తారీఖు వేసి, యూనికోడ్ తెలుగులో, ఒక స్థిరమైన పేజీగా పెట్టాలి. జిల్లా వెబ్‌సైట్లు, పత్రికలు ఆ పేజీలకు లింకు ఇవ్వాలి. విలేఖరి తన జిల్లాలో మంచి తెలుగు సైటు నుంచి విషయం తీసుకున్నప్పుడు దాని పేరు చెప్పి, లింకు పెట్టాలి. గుంటూరు మార్కెట్ కమిటీ చేయాల్సిన పని ఇంకా తేలిక. కేంద్రం నడిపే అగ్‌మార్క్‌నెట్‌లో రాష్ట్రం, మార్కెట్, పంట, తేదీ ఎంచుకుంటే గానీ ధర కనిపించదు. అలాంటి ఫారాలను క్రాలర్లు నింపుకుంటూ కూర్చోవు. వచ్చే సీజన్ మొదటి బస్తా గేటు దాటేలోపు రోజుకొక పేజీ చొప్పున తేదీ, రకం, కనిష్ఠ ధర, గరిష్ఠ ధర, వచ్చిన బస్తాల లెక్క తెలుగు అక్షరాల్లో పెట్టడం మొదలుపెట్టాలి. అందుకు కావలసింది ఒక కంప్యూటరు, ఒక గుమస్తా, రోజుకు అరగంట.